అన్నీనా, పాపా?

గుంతకల్లు స్టేషన్‌లో పొద్దున బండి దిగి ఆఫీసుకు నడుస్తుంటే ఒక్కోసారి ఆ చప్పుడు వినిపిస్తుంది. పక్క లైన్లో ఆగిన గూడ్సు బండి వెంట ఒక మనిషి వంగి వంగి చూసుకుంటూ వస్తుంటాడు. అనుమానం వచ్చిన చోట చేతిలోని సుత్తితో చక్రాన్ని తడతాడు. మంచి చక్రమైతే గంటలాగా మోగుతుంది, ఆ మోత కాసేపు గాలిలో ఉంటుంది. ఎంత ఆలస్యమైనా నేను అక్కడ నిలబడిపోతాను. తరువాతి చక్రం మోగేదాకా కాలు కదలదు.

హుసేనప్ప సార్ పోయి ఏడాది దాటింది. ఆయన మాకు చెప్పినదేదీ కాగితం మీద పెట్టలేదు. బెళుగుప్ప లైబ్రరీ నేల మీద సుద్దముక్కతో గీసేవారు, సాయంత్రం లైబ్రేరియన్ రేణుకమ్మ మేడం తడిగుడ్డతో తుడిచేసేవారు. మొన్న అక్కడికి వెళ్ళినప్పుడు, ఆయన కూర్చునే కిటికీ పక్కన ఒక అమ్మాయి పరీక్ష పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంది. మాటల్లో ఆయన పేరు వస్తే "ఆయనెవరక్కా?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. సగంలో నా బస్సు వచ్చింది. మిగిలిన సగం ఆ అమ్మాయికి బాకీ ఉన్నాను. ఇది రాయడానికి కారణం అదే.

మాది బెళుగుప్పకు ఆటోలో అరగంట దూరంలోని పల్లె. ఇంటర్ అయ్యాక నా చదువు ఆగింది. ఆగింది అనడం కూడా తప్పే, కాలేజీ ఆగింది, చదువు లైబ్రరీకి మారింది. వారానికి నాలుగు రోజులు వెళ్ళేదాన్ని. నవలలు, ప్రయాణాల పుస్తకాలు, నక్షత్రాల మీద పుస్తకాలు, పాత వారపత్రికల కట్టలు, ఏది దొరికితే అది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఎవరూ చెప్పకుండా ఇంత నేర్చుకున్నానన్న గర్వం నాకు బాగా ఉండేది. ఇప్పటికీ కొంచెం ఉంది, దాచను.

హుసేనప్ప సార్ రైల్వేలో చక్రాలు, బ్రేకులు పరీక్షించే పని చేసి రిటైరై, సొంత ఊరని బెళుగుప్పకు వచ్చి ఉంటున్నారు. రోజూ పదింటికి లైబ్రరీకి వచ్చి పేపర్లన్నీ చదివేవారు. ఒకరోజు నా బల్ల దగ్గర ఆగారు.

"ఏం పాపా, రోజూ ఈ మూలనే కూర్చుంటావు. ఏం చదువుతాండావు?"

"గుమాస్తా పరీక్షకు సార్. ఈ లైబ్రరీలో అన్ని పుస్తకాలూ చదివేసినా. ఇంక ఈ పరీక్ష పుస్తకాలే మిగిలినాయి."

"అన్నీనా, పాపా?"

"అన్నీ సార్."

ఆయన బీరువా దగ్గరికి వెళ్ళి, అడుగు వరసలోంచి పల్చటి పుస్తకం ఒకటి లాగి, దుమ్ము ఊది నా ముందు పెట్టారు. "ఇది?"

"అది కోళ్ళ రోగాలది కదా సార్. దాన్ని ఎవరు చదువుతారు?"

"నేనడిగింది అది కాదు. నువ్వు చదివినావా, లేదా?"

"లేదు."

"అయిపాయ. పడిపాయ నీ 'అన్నీ'. పడగొట్టేకి ఒగటి చాలు పాపా. నిలబెట్టేకైతే అన్నీ కావాల."

రేణుకమ్మ మేడం తన కుర్చీలోంచి పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ కోపంలోనే ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోయి చివరిదాకా చదివాను. కోళ్ళకు వచ్చే తెగుళ్ళ గురించి ఎవరికైనా సందేహాలుంటే ఇప్పటికీ నన్ను అడగవచ్చు.

మరుసటి వారం నేనే ఆయన దగ్గరికి వెళ్ళాను. పరీక్షలో కొన్ని ప్రశ్నలు నన్ను ఏడిపించేవి. రెండు మాటలు ఇస్తారు, కింద ఒక ముగింపు ఇస్తారు, ఆ ముగింపు నిలుస్తుందా లేదా చెప్పాలి. 'కలాలన్నీ పుస్తకాలు. కొన్ని పుస్తకాలు గోడలు. కాబట్టి కొన్ని కలాలు గోడలు.' నేను నిలుస్తుందని గుర్తు పెట్టాను. వెనక జవాబుల్లో తప్పని ఉంది.

"అసలు కలాలు పుస్తకాలెట్లయితాయి సార్?" అన్నాను.

"ఆ ఊళ్ళో అట్లంట. మనకేం పోయింది, ఒప్పుకో. ఒప్పుకున్నంక ఏం తేలుతుందో అది చూడు."

ఆయన నేల మీద కష్టంగా కూర్చున్నారు, మోకాళ్ళు సహకరించేవి కావు. లైబ్రరీలో పరిచింది నల్లబండలు. సుద్దముక్కతో పెద్ద గుండ్రం గీసి పుస్తకాలన్నారు. దాని లోపల చిన్న గుండ్రం గీసి కలాలన్నారు. "గోడల గుండ్రం నువ్వు గీయి. పుస్తకాలను తాకాల, కలాలను తాకగూడదు. అట్ల గీసేకి అయితాదా?" అని సుద్దముక్క నా చేతికిచ్చారు. గీశాను, సులువుగానే వచ్చింది. "గీసేకయ్యింది కదా? అట్లయితే ఆ ముగింపు నిలబడదు. తాకించి గూడ గీయొచ్చు, తాకకుండా గూడ గీయొచ్చు. అంటే కావచ్చు, కాకపోవచ్చు. వాడు అడిగేది తప్పనిసరిగా అవుతుందా అని."

నేను ఎక్కువగా పడే గుంట ఇంకొకటి ఉండేది. 'ఇవన్నీ అవే' అని చదవగానే నా మనసు 'అవన్నీ ఇవే' అని తిప్పేసుకునేది. ఒకే రోజు మూడుసార్లు అలాగే తిప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"మీ ఇంట్లో జీవాలుండాయి కదా?"

"ఉండాయి సార్. మా అమ్మ మేపుతుంది." గొర్రెలను మా వైపు జీవాలంటాం.

"వాటన్నిటికీ నాలుగు కాళ్ళేనా?"

"నాలుగే సార్."

"నాలుగు కాళ్ళున్నవన్నీ మీ జీవాలేనా? అట్లయితే సాయంత్రం ఈ బల్లను గూడ తోలుకపో. పాపం, పొద్దున్నుంచి మేత లేదు దానికి."

ఆ తరువాత నేను ఆ తప్పు చేసినప్పుడల్లా ఆయన నోరు తెరిచేవారు కాదు. బల్ల మీద చేత్తో మెల్లగా నిమిరేవారు, అంతే.

ఆయనకు ఈ పట్టుదల ఎక్కడిదో ఒక మధ్యాహ్నం తెలిసింది. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, ఎండలో నిలబడిన బండికి సగం దాకా చక్రాలు తట్టి, అన్నీ బాగా మోగుతున్నాయని మిగిలినవి వదిలేసి సంతకం పెట్టారట. రెండు స్టేషన్ల అవతల గేటు దగ్గర కాపలా ఉన్నతను ఏదో తేడా చప్పుడు విని ఎర్రజెండా చూపించాడట. వదిలేసిన వాటిలో ఒక చక్రం పగిలి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. "ఆ గేటాయన చెవి నన్ను కాపాడింది పాపా. ఆయనకు నేనెవరో తెలీదు. అప్పటినుంచి నేను తట్టని చక్రం గురించి మాట్లాడను" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

ఇదంతా నాకు పరీక్ష కోసం నేర్చుకునే విద్యగానే ఉండేది, ఆ వేసవిలో మా నాయన నాలుగో బోరు వేయించాలనుకునే వరకు.

అప్పటికి మా చేన్లో మూడు బోర్లు వేయించారు. మూడిట్లోనూ దుమ్మే లేచింది. ఇక మిగిలినవి అమ్మ జీవాలు. అవి అమ్మితే ఇంకొక బోరు వేయించవచ్చు, నీళ్ళు పడితే చీనీ చెట్లు, అంటే బత్తాయి తోట, పెట్టుకోవచ్చని నాయన ఆశ. పడకపోతే ఇంట్లో ఏమీ మిగలదు. నీళ్ళు చూసే తిప్పయ్య తాత ఒక ఉదయం వచ్చాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచాడు. పడమటి గట్టు దగ్గర టెంకాయ లేచి నిలబడింది. అక్కడ రాయి పెట్టి, పసుపు కుంకుమ వేసి వెళ్ళిపోయాడు. జీవాల వ్యాపారి సోమవారం వస్తానని కబురు పెట్టాడు.

అమ్మ గొంతు పెంచలేదు. "మూడు తూర్లు పడల్యా కదా" అంది.

"అప్పుడు మన గ్రహచారం బాగలేదు. ఊళ్ళో నీళ్ళు పడిన బోర్లు చూడు. అన్నీ ఈయప్ప చూపించినవే. ఒగటన్నా వేరేవాళ్ళు చూపించింది ఉండాదా? అట్లాంటప్పుడు ఈయప్ప చూపించిన చోట నీళ్ళు పడక ఏమైతాయి?"

నేను సద్దిగిన్నె కడుగుతున్నాను. చేయి ఆగిపోయింది. నల్లబండ మీద గుండ్రాలు కళ్ళ ముందుకు వచ్చాయి. నీళ్ళు పడినవన్నీ ఆయన చూపినవి. కాబట్టి ఆయన చూపినవన్నీ నీళ్ళు పడేవి. బల్లను మేతకు తోలుకుపోతున్నాడు మా నాయన.

"నాయనా, అది తప్పు" అన్నాను.

"ఏమే, పుస్తకాలు చదివి నాకు నేర్పిస్తాండావా? గమ్మునుండు."

మరునాడే లైబ్రరీకి పరుగెత్తాను. సార్ అంతా విని, "మీ నాయనతో గుండ్రాలు మాట్లాడొద్దు" అన్నారు. "నీళ్ళు పడినవి ఆయప్ప కంటికి కనిపిస్తాండాయి, పంపు పోస్తా ఉంటాది కాబట్టి. పడనివి ఎవరికీ కనిపించవు, రాయి మూసి పెట్టింటారు. పోయి ఆ రాళ్ళు చూసి రా. అన్నీ చూడు. ఒగటి గూడ వదలొద్దు."

మూడు రోజులు ఊరి చేలన్నీ తిరిగాను. చేతిలో నోటుబుక్కు చూసి వన్నూరమ్మత్త గట్టు మీదినుంచే అరిచింది. "ఏమ్మే, గవర్నమెంటోళ్ళు నిన్ను సర్వేకి పెట్టుకున్నారా? మా చేన్లో అయితే రెండు రాసుకో. రెండూ నా మొగుడి నోరు మాదిరే, దుమ్ము తప్ప ఏం రాదు." కంపచెట్ల మధ్య మొలిచిన పైపు ముక్కలు, వాటి మీద బండరాళ్ళు. ప్రతి దాని దగ్గరా ఒకటే అడిగాను, ఇది ఎవరు చూపించారని. ప్రతి చోటా ఒకటే జవాబు, తిప్పయ్య. మా ఊళ్ళో ఇంకెవరినీ పిలవరు. నీళ్ళున్నవీ ఆయనవే, ఎండినవీ ఆయనవే.

చివరకు తిప్పయ్య తాత దగ్గరికే పోయాను. గడప ముందు కూర్చుని నారతో తాడు పేనుతున్నాడు. భయపడుతూ అడిగాను. "తాతా, నువ్వు చూపించిన చోటల్లా నీళ్ళు పడినాయా?"

ఆయనకు కోపం రాలేదు, నవ్వాడు. "అట్ల పడింటే నా చేన్లో ఏంటికి పడల్యా పాపా? రెండు తూర్లు నాకు నేనే చూపించుకున్నా."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"అడిగినోళ్ళు ఉంటే కదా చెప్పేకి. నీళ్ళు పడినోళ్ళు టెంకాయ, బట్టలు తెచ్చిస్తారు, నలుగురికీ చెప్తారు. పడనోళ్ళు ఈ దావన రారు. నాకు టెంకాయ లేస్తాది, లేసిన చోట చెప్తా. కింద ఏముండాదో నేనేమన్నా దిగి చూసినానా?"

శనివారం నోటుబుక్కు తీసుకుని సార్ ముందు నిలబడ్డాను. నీళ్ళు పడినవి ఆరు. మొదటి రోజే దుమ్ము లేచినవి ఇరవై మూడు. "తేలిపోయింది సార్. తిప్పయ్య తాత చూపిన చోట నీళ్ళు పడవు" అన్నాను.

ఆయన బల్లను నిమిరారు. నాకు అర్థం కాలేదు.

"పడవా? ఆరు పడినాయని నువ్వే రాసినావు కదా."

"అంటే... ఎక్కువ పడలేదు కదా సార్."

"ఎక్కువ పడలేదని చెప్పు, అట్లయితే. మీ నాయన కొన్నిటిని చూసి అన్నీ పడతాయన్నాడు. నువ్వు కొన్నిటిని చూసి ఒగటీ పడదంటాండావు. ఇద్దరూ ఒగే బండిలో కూర్చున్నారు, మొగాలు చెరో దిక్కు." నోటుబుక్కు మూసి, "గెలిచేకి పోవద్దు పాపా. ఉన్నది ఉన్నట్ల ముందర పెట్టు. తీర్పు ఆయప్పది" అన్నారు.

ఆదివారం పొద్దున మా ఇంటి ముందరి బండ మీద పెద్ద గుండ్రం గీశాను. తిప్పయ్య తాత చూపించినవన్నీ ఇందులోనే అన్నాను. శనక్కాయలు ఆరు పెట్టాను. వాటి పక్కన గింజలు తీసేసిన ఉత్త పొట్టు ఒక్కొక్కటిగా ఇరవై మూడు పెట్టాను. పెడుతూ ఒక్కొక్కదానికీ పేరు చెప్పాను, ఇది వన్నూరమ్మత్తది, ఇది తిప్పయ్య తాతది, ఇదీ తిప్పయ్య తాతదే. నాయన తిట్టడానికి నోరు తెరిచి, పేర్లు వింటూ ఆగిపోయాడు. ఆయనకు ఆ చేలన్నీ తెలుసు.

"పడవని నేను చెప్పడం లేదు నాయనా. పడొచ్చు. పడతాయని మాత్రం తేలలేదు."

నాయన చాలాసేపు చూశాడు. తరువాత వంగి, గుండ్రంలోంచి మూడు పొట్టులు వేలితో పక్కకు జరిపాడు. "ఇవి మనవి" అన్నాడు. వాటినే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అమ్మ వైపు తిరిగి, "ఆ వ్యాపారి యప్పను రేపు రావద్దని చెప్పు" అన్నాడు.

ఇక్కడితో ఆపితే ఈ కథ నాకు బాగుంటుంది. కానీ తట్టని చక్రం మిగిలిపోతుంది.

రెండు నెలలకు మా పడమటి గట్టు అవతల, ఎర్రిస్వామన్న తన చేన్లో బోరు వేయించాడు. తిప్పయ్య తాత మాకు రాయి పెట్టిన చోటికి పది అడుగుల దూరంలో. నీళ్ళు పడ్డాయి. తెల్లగా, మనిషెత్తున లేచాయి. ఊరంతా పరుగెత్తింది, నేనూ పోయాను. ఎవరో నవ్వుతూ అననే అన్నారు. "ఏమప్పా నాగన్నా, మీ పాప బుక్కులో ఈ నీళ్ళు రాసుకోలేదా?" నాయన ముఖం మీద పడిన చుక్కలు తువ్వాలుతో తుడుచుకుని ఇంటికి నడిచాడు. ఆయన వెనక నడవడానికి కూడా నాకు ధైర్యం లేకపోయింది.

లైబ్రరీలో సార్ దగ్గర ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చారు.

"మీ నాయనకు నువ్వేం చెప్పినావు?"

"పడతాయని తేలలేదని."

"పడవని చెప్పినావా?"

"లేదు సార్."

"అట్లయితే నీ మాట యాడ పడిపాయ? ఈ చదువు నీళ్ళు చూపించదు పాపా. మనకు ఎంత తెలుసో, యాడ నుంచి తెలీదో, ఆ గట్టు చూపిస్తాది. అంతే దాని పని."

"మా నాయనకు చెట్లు రాకుండా పోయె కదా సార్."

ఆయన ఊరడిస్తారనుకున్నాను. ఊరడించలేదు. "పోయె" అన్నారు. "నాకూ కష్టంగానే ఉండాది." ఆ రోజు ఇద్దరం ఏమీ చదవలేదు.

పరీక్షకు పోవడం మానేద్దామనుకున్నాను. ఊరి మాటలు పడలేక పొద్దున్నే వెళ్ళి ఆటో కోసం టీ బంకు వెనక నిలబడేదాన్ని. ఒకరోజు ముందు వైపున అదే ఎగతాళి మళ్ళీ మొదలైంది, మా నాయన కూతురి మాట విని చెడిపోయాడని. ఈసారి నాయన గొంతు వినిపించింది.

"మా పాప పడవని యానాడు చెప్పిందప్పా? పడతాయని తేలలేదని చెప్పింది. రెండూ ఒగటేనా? నీకు తెలిస్తే చెప్పు."

టీ గ్లాసు బండ మీద పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది. నేను వెనక్కి తిరిగి కంపచెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను, ఆటో వచ్చి హారన్ కొట్టినా ఎక్కలేకపోయాను. ఇంటర్ చదివిన నేను సార్ ముందు తప్పుగా పట్టుకున్నదాన్ని, బడి మెట్లెక్కని మా నాయన ఒక్క గుండ్రం చూసి పట్టుకున్నాడు.

ఆ ఏడు పరీక్ష రాసి తప్పాను. మరుసటి ఏడు పాసయ్యాను. ఆ రోజు కూడా అలాంటి ప్రశ్నలు వచ్చాయి. ఒకదానికి 'తప్పనిసరిగా నిజం' అని గుర్తు పెట్టబోయి, చేత్తో బల్లను నిమిరాను. పరీక్ష గదిలో పర్యవేక్షణకు వచ్చినాయన నన్ను అనుమానంగా చూశాడు. 'కావచ్చు' దగ్గర గుర్తు పెట్టాను.

ఎర్రిస్వామన్న బోరు ఇప్పటికీ పోస్తోంది. మా చేను అట్లే ఎండుగా ఉంది. అమ్మ జీవాలు రోజూ సాయంత్రం ఆ బోరు తొట్టి దగ్గరే నీళ్ళు తాగుతాయి. ఎర్రిస్వామన్న ఒక్కనాడూ కాదనలేదు. నాయన చేసింది సరైందా అని ఎవరైనా అడిగితే, ఆ రోజు తెలిసిన మేరకు సరైందే అంటాను. అంతకు మించి అనను.

ఆఫీసులో పని చేసేటప్పుడు ఎవరో ఒకరు అంటుంటారు, ఆ పల్లెటూరి వాళ్ళందరూ అంతే అని, ఈ కాలం పిల్లలు ఎవరూ చదవరు అని. నా చేయి దానంతటదే బల్ల మీదికి పోతుంది. "అందరూనా?" అని అడుగుతాను. కొందరికి నేనంటే విసుగు. అందరికీ కాదు.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాలి. 'అందరికీ' అని ఒక్క మాటలో రాయబోయి ఆగాను. తట్టకుండా సంతకం పెట్టినట్లవుతుంది. అందుకని ఒక్కొక్కరికీ చెబుతాను. నల్లబండల మీద సుద్దగీతలను సాయంత్రం దాకా తుడవకుండా ఉంచిన రేణుకమ్మ మేడానికి. సార్ సుత్తిని చూపించి, ఒకసారి తట్టి చూడనిచ్చిన ఆయన భార్య ఈశ్వరమ్మ గారికి. తన రెండు బోర్ల లెక్క మళ్ళీ చెప్పి నవ్వించిన వన్నూరమ్మత్తకు. నీళ్ళు తాగనిచ్చిన ఎర్రిస్వామన్నకు. జీవాలను కాపాడుకున్న మా అమ్మ సుంకమ్మకు. మూడు పొట్టులను తన వేలితో జరిపిన మా నాయన నాగన్నకు. సగం విని, మిగతా సగం కోసం ఎదురుచూస్తున్న కిటికీ పక్క అమ్మాయికి. ఆమె పేరు అడగడం మరచిపోయాను, ఈసారి అడుగుతాను.

ఇంకొక పేరుంది, అది వదిలితే సార్ ఒప్పుకోరు. తిప్పయ్య తాతకు. అడిగిన వెంటనే, తన చేన్లోని రెండిటితో సహా ఉన్నదున్నట్లు చెప్పాడు. ఆయన్ను అడగడానికి పోయినదాన్ని, మా ఊళ్ళో, నేనొక్కదాన్నే.